దగ్గరిదారి, అడ్డదారి: ఛత్తా బజారు కంప్యూటర్లలో ఫైళ్ల సంగతి

పాతబస్తీలో పెళ్లి కార్డు అచ్చు వేయించాలంటే ఛత్తా బజారుకు పోవాలన్నది హైదరాబాదులో వేరే చెప్పనక్కర్లేని మాట. పురానీ హవేలీ, దారుల్‌షిఫాల దగ్గరి ఆ బజారులో ఒకప్పుడు నస్తాలీఖ్ లిపి శైలిలో ఉర్దూను కలంతో రాసే కాతిబ్‌ల బల్లలు ఉండేవి. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ చేతిరాత మోనోటైప్ యంత్రంలోకి నూరీ నస్తాలీఖ్ పేరుతో ఎక్కింది. 1994లో ఉర్దూ కొట్టడానికి ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. కలం పట్టిన చేతుల్లో కొన్ని కీబోర్డు మీదికి మారాయి, మారనివి మెల్లగా పక్కకు తప్పుకున్నాయి. తెలుగు శుభలేఖలదీ ఇంచుమించు ఇదే కథ. సీసపు అక్షరాల పేర్పు పోయి పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, అను ఫాంట్లు వచ్చాయి. ఈ మార్పులో అక్షరానికి ఏమైందన్నది తరచూ చర్చకు వచ్చింది. ఫైలుకు ఏమైందన్నది అంతగా రాలేదు. ఇప్పుడు ఒక్క కార్డు అంటే ఒక్క కాగితం కాదు. వాట్సాప్‌లో వచ్చిన మ్యాటరు, ఇన్‌పేజ్‌లో కొట్టిన ఉర్దూ, కోరల్‌లో పెట్టిన డిజైను, పార్టీకి చూపడానికి పంపిన ప్రూఫ్ బొమ్మ, ప్లేటుకు పోయే పీడీఎఫ్ కలిసి అరడజను ఫైళ్లవుతాయి. పెళ్లిళ్ల సీజనులో ఇవి వందలకు చేరతాయి. వీటిని కంప్యూటరులో సర్దుకోవడానికి కీబోర్డు షార్ట్‌కట్లు ఏమేరకు అక్కరకొస్తాయి, ఎక్కడ ముంచుతాయి అన్నదే ఈ సమీక్ష.

ముందు మాట సంగతి చూద్దాం. తెలుగు వికీపీడియాలో ఫైలుకు వాడుతున్న మాట దస్త్రం. ఇది పారశీక మాట దఫ్తర్ నుంచి వచ్చింది. పారశీకంలోకి ఆ మాట గ్రీకులో తోలును సూచించే పదం నుంచి వచ్చిందని భాషావేత్తలు చెబుతారు. అంటే కంప్యూటరు కోసం కొత్తగా కట్టిన అనువాదం కాదిది, ఈ నగరపు కచేరీల్లో తిరిగిన మాటే. 1853 నుంచి 1883 దాకా నిజాం దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ పాలనను దఫ్తర్ల మీదే నడిపాడు. దఫ్తర్-ఎ-దివానీ కాగితాలు ఇప్పుడు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖ్యాగారంలో ఉన్నాయి. ఆ కాలపు కాగితాలను గుడ్డలో చుట్టి కట్టిన మూటను బస్తా అనేవారు. మూటకు చీటీ ఉంటేనే లోపల ఏముందో తెలిసేది. లేకపోతే విప్పి చూడాల్సిందే, విప్పినవాడు మళ్లీ అదే వరసలో కడతాడన్న నమ్మకమూ లేదు. కంప్యూటరులో ఫోల్డరు బస్తా, ఫైలు పేరు చీటీ. మూట కట్టడం ఎంత తేలికైనా చీటీ రాయకపోతే అది దాచినట్టు కాదు, పారేసినట్టే. షార్ట్‌కట్ల మంచిచెడ్డలు తూచడానికి ఈ కొలబద్ద ఒక్కటి చాలు. చీటీ రాయించేది దగ్గరిదారి, చీటీని తప్పించుకోనిచ్చేది అడ్డదారి. తెలుగులో ఈ రెండు మాటలకూ ఉన్న తేడా ఇంగ్లీషు షార్ట్‌కట్ అనే మాటలో లేదు. మనకు మాత్రం అడ్డదారిన పోయాడంటే తొందరగా పోయాడని కాదు, తప్పుడు పని చేశాడని అర్థం.

ఇక ఈ షార్ట్‌కట్ మీటల పుట్టుక. కట్, కాపీ, పేస్ట్ అనే పద్ధతి 1970ల మధ్యలో కాలిఫోర్నియాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో లారీ టెస్లర్, టిమ్ మాట్ చేసిన జిప్సీ అనే ఎడిటరులో రూపు దిద్దుకుంది. టెస్లర్ తరవాత ఆపిల్‌కు వెళ్లాడు. 1983లో వచ్చిన లీసా కంప్యూటరులో జడ్, ఎక్స్, సి, వి మీటలు వరసగా ఈ పనులకు కుదిరాయి. ఆ వరసనే తరవాత మెకింటాష్, విండోస్ అందుకున్నాయి. ఫైళ్ల సర్దుబాటుకు వేరే మూలం ఉంది. డాస్ రోజుల్లో, 1986లో, నార్టన్ కమాండర్ అనే ప్రోగ్రాము తెరను రెండు పలకలుగా చీల్చి, ఈ పక్కనుంచి ఆ పక్కకు ఫైలు నకలు తీయడానికి ఎఫ్5, జరపడానికి ఎఫ్6 పెట్టింది. 1995 ఆగస్టులో వచ్చిన విండోస్ 95తో ఫైళ్లను చూపే ఎక్స్‌ప్లోరర్, రీసైకిల్ బిన్, పేరు మార్చే ఎఫ్2 సామాన్యుల బల్ల మీదికి వచ్చాయి. కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కితే కొత్త ఫోల్డరు తయారయ్యే సదుపాయం విండోస్ 7తో వచ్చింది. విండోస్ మీటతో వి నొక్కితే ఇంతకుముందు కాపీ చేసినవి వరసగా కనిపించే ఏర్పాటు 2018లో విండోస్ 10లో వచ్చింది. ఈ చరిత్రలో గమనించాల్సింది ఒకటే. మీటలు కొత్తవి చేరుతూ వచ్చాయి గానీ మొదటి నాలుగూ నలభై ఏళ్లుగా కదల్లేదు. నేర్చిన చేతికి ఇంతకన్నా భరోసా ఇచ్చిన పరికరం కంప్యూటరులో ఇంకొకటి లేదు.

షార్ట్‌కట్లను మెచ్చుకునేవారు ముందుగా చెప్పేది వేగం. ఆ మాటను లెక్కలో పెట్టి చూద్దాం. జిరాక్స్ పార్క్‌లోనే పనిచేసిన స్టూవర్ట్ కార్డ్, థామస్ మొరాన్, వారితో అలెన్ న్యూవెల్, 1980లో మనిషి కంప్యూటరు మీద చేసే పనికి పట్టే కాలాన్ని ముక్కలుగా కొలిచే పద్ధతి ఇచ్చారు. వాడుక ఉన్న చేతికి ఒక మీట నొక్కడానికి సెకనులో అయిదో వంతు, కీబోర్డు నుంచి మౌసుకు చేయి జరపడానికి 0.4 సెకను, తెర మీద ఒక చోటికి బాణాన్ని తీసుకుపోవడానికి 1.1 సెకన్లు, ఏం చేయాలో ఆలోచించుకోవడానికి 1.35 సెకన్లు. ఇప్పుడు ఒక ఫైలు పేరు మార్చాలి. మౌసుతో అయితే చేయి జరపాలి, ఫైలు మీదికి పోవాలి, కుడి మీట నొక్కాలి, మెనూలో రీనేమ్ వెతికి నొక్కాలి, మళ్లీ చేయి కీబోర్డు మీదికి రావాలి. దగ్గరదగ్గర మూడున్నర సెకన్లు. ఎఫ్2తో అయితే పావు సెకను. తేడా మూడు సెకన్లు. రోజుకు వంద ఫైళ్ల పేర్లు మార్చినా మిగిలేది అయిదు నిమిషాలు, అంటే ఒక ఇరానీ చాయ్ తాగేంత సేపు. వేగం కోసమే షార్ట్‌కట్లు నేర్చుకోమంటే దుకాణంవాళ్లు నవ్వుతారు, ఆ నవ్వులో న్యాయం ఉంది. పైగా ఆ లెక్కను ఎదిరించినవారూ ఉన్నారు. ఆపిల్‌లో తెర రూపకల్పన చూసిన బ్రూస్ టోగ్నజ్జీని 1989లో, మీటలే వేగమని వాడేవాళ్లు అనుకుంటారు గానీ గడియారం పెట్టి చూస్తే మౌసే ముందుంటోందని రాశాడు. ఏ మీట నొక్కాలో గుర్తు చేసుకోవడానికి పట్టే సమయం మనసుకు తెలియకుండా జారిపోతుందన్నది ఆయన వివరణ. అప్పుడప్పుడు వాడే మీటల విషయంలో ఆయన మాట కొట్టిపారేయలేం. రోజూ వందసార్లు నొక్కే మీటకు గుర్తు చేసుకోవడమనే ఖర్చే ఉండదు. వాదం అక్కడ వీగిపోతుంది గానీ, వేగమనే పునాది మాత్రం ఎవరు గెలిచినా బలహీనమే.

నిజానికి జనం ఏం చేస్తున్నారన్నదానికీ ఆధారాలున్నాయి. విండోస్ 8 తయారీ సమయంలో, 2011లో, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ప్లోరర్ వాడకం గురించి కొన్ని అంకెలు బయటపెట్టింది. కుడి క్లిక్ మెనూ ద్వారా నడిచే ఆదేశాలు 54.5 శాతం, మీటల ద్వారా 32.2 శాతం, తెర పైభాగాన ఉన్న ఆదేశాల పట్టీ ద్వారా 10.9 శాతం. మొత్తం వాడకంలో 80 శాతానికి పైగా పది పనులకే పోతోంది: పేస్ట్, కాపీ, డిలీట్, రీనేమ్ వంటివి. అంటే వందల ఆదేశాలున్న గదిలో మనుషులు తిరిగేది పది అడుగుల మేరే. మరోవైపు అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో అనుభవం ఉన్న 251 మంది వర్డ్ వాడుకదారులను చూసి, వాళ్లలో ఎక్కువమంది ఏళ్ల తరబడి వాడుతున్నా మీటలకు మారడం లేదని తేల్చారు. ఈ రెండింటినీ కలిపి చదివితే ఒక విషయం తేటపడుతుంది. అనుభవం దానంతటదే షార్ట్‌కట్ నేర్పదు. పదేళ్లు పనిచేసిన ఆపరేటరు కూడా మొదటి వారంలో ఏ దారి పట్టాడో ఆ దారినే పోతాడు. కాబట్టి అరవై మీటల పట్టిక గోడకు అంటించడం వల్ల లాభం లేదు. మొదటి వారంలో చేతికి ఏది పట్టుబడుతుందన్నదే అసలు సంగతి.

వేగం కాకపోతే మరి లాభమేమిటి? ఆ మూడు సెకన్ల అసలు విలువ గడియారంలో లేదు, వాయిదాలో ఉంది. కౌంటరు ముందు ఇద్దరు నిలబడ్డారు, ఫోను మోగుతోంది, పెన్‌డ్రైవు ఒకటి చేతికొచ్చింది. అలాంటప్పుడు మూడున్నర సెకన్ల పని, మధ్యలో కన్ను మెనూలో వెతుక్కునే పని, తరవాత చూద్దామనిపిస్తుంది. పావు సెకను పనికి ఆ వాయిదా ఉండదు. పేరు పెట్టడం వాయిదా పడ్డ ఫైలే తరవాత వలీమా ఫైనల్, న్యూ ఫైనల్, ఫైనల్ ఓకే, కార్డ్ కాపీ కాపీ అని పేరుకుపోతుంది. సర్దుబాటు అనేది ఆదివారం నాడు కూర్చుని చేసే పని కాదు, ఆదివారం ఎప్పుడూ రాదు. ఫైలు పుట్టిన క్షణంలోనే జరగాలి, అది జరగాలంటే దాని ఖరీదు దాదాపు శూన్యం కావాలి. షార్ట్‌కట్ చేసే మేలు ఇదే, సర్దుకోవడాన్ని చవక చేయడం. ఏ మీట సర్దుబాటును చవక చేస్తుందో అది నేర్చుకోదగింది, ఏ మీట తొందరను మాత్రమే చవక చేస్తుందో అది అనుమానించదగింది.

దీన్ని ఒక కార్డు మీద పెట్టి చూస్తే స్పష్టమవుతుంది. పార్టీ పాత కార్డు ఒకటి పట్టుకొచ్చి అదే మోడల్‌లో పేర్లు మార్చి ఇవ్వమంటుంది. తెలుగు శుభలేఖకైనా నికాహ్ రుఖాకైనా పని మొదలయ్యేది ఇలాగే. ఇక్కడ రెండు దారులున్నాయి. పాత ఫైలును రెండు క్లిక్కులతో తెరిచి, పేర్లు కొట్టేసి, కంట్రోల్ ఎస్ నొక్కితే పని అయిపోతుంది, పాత కుటుంబం కార్డు కూడా అయిపోతుంది. రేపు వాళ్లు మరో వంద కార్డులు కావాలంటే మళ్లీ మొదటినుంచి కట్టాలి. పేర్లలో ఏదో ఒకటి మార్చడం మరిచిపోతే కొత్త పెళ్లికూతురి కార్డులో పాత పెళ్లికొడుకు తాతగారు ఆహ్వానం పలుకుతారు. రెండో దారిలో ఫైలును తెరవడానికి ముందే ఎక్స్‌ప్లోరర్‌లో దాన్ని ఎంచుకుని కంట్రోల్ సి, కంట్రోల్ వి. నకలు పుట్టగానే అదే ఎంపికై ఉంటుంది, కాబట్టి చేయి కదపకుండా ఎఫ్2 నొక్కి కొత్త పేరు కొట్టి ఎంటర్. ఆ తరవాతే మళ్లీ ఎంటర్‌తో తెరవడం. మొత్తం ఆరేడు మీటలు. పాతది చెక్కుచెదరదు, కొత్తది పుట్టుకతోనే పేరుతో పుడుతుంది. ఆర్డరు పెద్దదైతే అంతకు ముందే కంట్రోల్, షిఫ్ట్, ఎన్‌తో దానికో ఫోల్డరు. ఒక మెట్టు పైకి పోవాలంటే ఆల్ట్‌తో పై బాణం. ఫైలు పొరపాటున వేరే చోటికి జారితే వెంటనే కంట్రోల్ జడ్. రాతలో తప్పును సరిదిద్దే ఈ మీట, ఎక్స్‌ప్లోరర్‌లో పేరు మార్పును, జరిపిన ఫైలును, రీసైకిల్ బిన్‌కు పంపిన ఫైలును కూడా వెనక్కి తెస్తుందన్నది చాలామందికి తెలియని మేలు. వాట్సాప్ నుంచి వచ్చి డౌన్‌లోడ్స్‌లో పడ్డ పది ఫొటోలకు పేర్లు పెట్టాలంటే మొదటిదానికి ఎఫ్2 నొక్కి పేరు రాసి ట్యాబ్ నొక్కితే చాలు, రెండోది తనే పేరు రాయించుకోవడానికి సిద్ధమవుతుంది. మ్యాకులో పేరు మార్చడానికి ఎంటర్ మీట, లినక్స్ ఫైల్ మేనేజర్లలో ఎక్కువగా ఎఫ్2నే. ఇంతకు మించి మొదటి వారంలో ఎవరూ నేర్చుకోనక్కర్లేదు.

మౌసుతో ఈడ్చి వేయడం కన్నా ఇది నయమనడానికి ఇంకో కారణం ఉంది. ఈడ్చేటప్పుడు విండోస్ ఒక్కోచోట ఒక్కోలా చేస్తుంది. అదే డ్రైవులో ఈడిస్తే ఫైలు జరుగుతుంది, వేరే డ్రైవులోకి ఈడిస్తే నకలు పడుతుంది. డి డ్రైవులో ఒక ఫోల్డరు మీద వేలు జారి పక్క ఫోల్డరులో పడితే అది అందులోకి దూరిపోతుంది, పోయిందనుకుని గంటసేపు వెతుకుతారు. ఈడ్చేటప్పుడు కంట్రోల్ పట్టుకుంటే ఎప్పుడూ నకలే, షిఫ్ట్ పట్టుకుంటే ఎప్పుడూ జరపడమే. మీట ఇక్కడ వేగం ఇవ్వడం లేదు, సందిగ్ధం తీస్తోంది. కంట్రోల్ ఎక్స్‌దీ అలాంటి నిదానమే. ఫైలును కట్ చేస్తే అది మసకబారుతుందే గానీ పేస్ట్ చేసేదాకా ఉన్నచోటే ఉంటుంది, మధ్యలో కరెంటు పోయినా నష్టం లేదు.

ఇక అడ్డదారులు. తొందర వల్ల తప్పులు పెరుగుతాయన్న అభ్యంతరం ఉత్త భయం కాదు. షిఫ్ట్‌తో డిలీట్ నొక్కితే ఫైలు రీసైకిల్ బిన్‌కు పోదు, నేరుగా పోతుంది. పెన్‌డ్రైవులోంచి చెరిపినది మామూలు డిలీట్‌తో చెరిపినా బిన్‌లో కనబడదు. ఒకే పేరున్న ఫైలు మీద పేస్ట్ చేసి రీప్లేస్ అంటే పాతది బిన్‌కు కూడా చేరదు. కోరల్‌డ్రా వాడేవారికి ఇంకో గొయ్యి ఉంది. ప్రెస్సులో ఆ తెలుగు ఫాంటు లేకపోతే అక్షరాలు చెదురుతాయి కాబట్టి, పంపేముందు కంట్రోల్ క్యూ నొక్కి అక్షరాలను గీతలుగా మార్చేస్తారు, దుకాణం భాషలో కర్వ్స్ చేయడమంటారు. ఆ తరవాత అది రాత కాదు, బొమ్మ. అలవాటుగా వెంటనే కంట్రోల్ ఎస్ నొక్కితే అసలు ఫైలు మీదే గీతలు కూర్చుంటాయి. ముహూర్తం ఒక గంట మారిందని పార్టీ మళ్లీ వస్తే మ్యాటరంతా కొత్తగా కొట్టుకోవాలి. క్యూకు, ఎస్‌కు మధ్య అర సెకను, దాని ఖరీదు అరపూట. ఇక్కడ కావాల్సింది షార్ట్‌కట్ మానడం కాదు, సరైనది పెట్టుకోవడం: కంట్రోల్ క్యూ కన్నా ముందే కంట్రోల్, షిఫ్ట్, ఎస్‌తో వేరే పేరున దాచడం. షార్ట్‌కట్ అన్న మాటకే ఉన్న రెండో అర్థం ఇంకో అడ్డదారి. డెస్క్‌టాప్ మీద మూలన చిన్న బాణం గుర్తుతో కనిపించేది ఫైలు కాదు, ఫైలు ఎక్కడుందో చెప్పే చీటీ. దాన్ని పెన్‌డ్రైవులోకి కాపీ చేసుకుని ప్రెస్సుకు పోతే అక్కడ తెరుచుకునేది ఏమీ ఉండదు. పెన్‌డ్రైవుల ద్వారా తిరిగే ఒక రకం వైరస్ ఈ అయోమయాన్నే వాడుకుంటుంది. అసలు ఫోల్డర్లను దాచేసి, వాటి పేర్లతో బాణం గుర్తుల బొమ్మలు పెడుతుంది. నమ్మి నొక్కినవాడి కంప్యూటరుకు అది అంటుకుంటుంది. ఫైలు పేర్ల చివరి తోకలు, అంటే పీడీఎఫ్, సీడీఆర్, ఈఎక్స్‌ఈ వంటివి, కనబడేలా ఎక్స్‌ప్లోరర్ వ్యూలో ఒకసారి పెట్టుకుంటే ఇలాంటి మారువేషాలు కొన్నయినా పట్టుబడతాయి.

ఇంత శ్రమ ఎందుకు, వెతుకు పెట్టెలో రెండక్షరాలు కొడితే కంప్యూటరే తెచ్చి ఇస్తుంది కదా అన్నది అన్నింటికన్నా బలమైన అభ్యంతరం. ఉత్తరాలకు, ఇంగ్లీషు డాక్యుమెంట్లకు ఇది చాలావరకు నిజం. పాతబస్తీ దుకాణం కంప్యూటరులో మాత్రం నిజం కాదు. తెలుగు యూనికోడ్‌లో 1991 నుంచీ ఉంది. విండోస్ ఎక్స్‌పీ 2001లో దాన్ని మామూలు కంప్యూటరుకు తెచ్చింది. అయినా అచ్చుపని చాలావరకు అను వంటి పాత పద్ధతి ఫాంట్లలోనే సాగుతూ వచ్చింది. ఆ ఫాంట్లలో తెరమీద కనిపించేది తెలుగు, లోపల దాగి ఉన్నది ఇంగ్లీషు అక్షరాల గజిబిజి. పాత ఇన్‌పేజ్ ఫైళ్లలోని ఉర్దూదీ అదే గతి. ఇక కర్వ్స్ చేసిన ఫైలులో అక్షరమే లేదు. వెతుకు పెట్టెలో వెంకటేశ్వర్లు అని కొడితే కంప్యూటరుకు అది ఎక్కడా కనబడదు. కాబట్టి ఫైలు లోపలికి దారి లేదు, బయట ఉన్న పేరొక్కటే దారి. ఆ పేరులోనూ తంటా ఉంది. తెలుగు, ఉర్దూ పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు లక్ష్మికి ఎక్స్ పెట్టేవారున్నారు, కేఎస్‌హెచ్ పెట్టేవారున్నారు. మొహమ్మద్‌ను పూర్తిగా రాసేవారు, ఎమ్‌ఓహెచ్‌డీ అనేవారు, ఎమ్‌డీతో సరిపెట్టేవారు ఉన్నారు. వెతికే చేయి రాసిన చేయి కాకపోతే ఫైలు దొరకదు. అందుకే పేరుకు ముందు బిల్లుబుక్కులోని నంబరు రాయడం మేలు. అంకెకు స్పెల్లింగు తగాదా లేదు. పైగా వెతుకులాట ఎంత మెరుగైనా మనుషులు ఫోల్డర్ల వెంట నడిచే పోతారన్నది పరిశోధనల్లో తేలిన మాటే. డెబొరా బారో, బానీ నార్డీ 1995లో గమనించినది, ఓఫర్ బెర్గ్‌మన్, స్టీవ్ విటేకర్ 2016 నాటి పుస్తకంలో విస్తరించినది ఇదే. మనం వస్తువును పేరుతో కన్నా చోటుతో గుర్తుపెట్టుకుంటాం. వంటింట్లో ఆవాల డబ్బాను వెతికి తీయం, చేయి దానంతటదే పోతుంది.

ఈ మీటలన్నీ ఇంగ్లీషు అక్షరాలు, ఇంగ్లీషు రానివారికి భారం కాదా అని ఇంకొకరు అడగొచ్చు. జడ్, ఎక్స్, సి, వి అనేవి పదాల మొదటి అక్షరాలని అనుకోవడం వల్ల వచ్చే సందేహమిది. కాపీకి సి ఉన్నమాట నిజమే గానీ పేస్టుకు వి, వెనక్కి తేవడానికి జడ్ ఏ లెక్కన? అవి కింది వరసలో ఎడమచేతి వేళ్ల కింద పక్కపక్కన ఉన్నాయి, అదే వాటి అర్హత. అంటే అవి అక్షరాలు కాదు, చోట్లు. సీసపు అక్షరాలు పేర్చిన కంపోజిటరు కేసులోని గళ్లను చదివి తీసేవాడా? క ఏ గడిలో ఉందో, దీర్ఘం ఏ గడిలో ఉందో చేతికే తెలుసు. కాతిబ్ కలం వంపు కూడా చేతి తెలివే. అను కీబోర్డులో యాపిల్ పద్ధతి నేర్చినవాడు మాడ్యులర్ పద్ధతికి మారమంటే ఎంత గిజగిజలాడతాడో అందరికీ తెలుసు, అది భాష తెలియక కాదు, చేయి నేర్చిన చోటు మారడం వల్ల. అక్షరాస్యత కన్నా వేలి అలవాటును అడిగే పని ఈ బజారుకు కొత్త కాదు, అందుకే షార్ట్‌కట్లు ఇక్కడ పరాయివీ కావు.

ఫోన్లు వచ్చాక, క్లౌడ్ వచ్చాక డెస్క్‌టాప్ ఫైళ్ల గొడవే పాతబడిందనేవారూ ఉన్నారు. ఫొటోలు, రసీదుల విషయంలో సరే. అచ్చుపని ఇంకా పెద్ద తెర మీదే, పాత సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తోంది. పేజ్‌మేకర్ చివరి వెర్షను 2001 నాటిది. కొత్త కోరల్‌లో దాచిన ఫైలు పాత కోరల్‌లో తెరుచుకోదు కాబట్టి ప్రెస్సు వాడే వెర్షనులోకి దించి ఇవ్వాలి. అప్పుడు ఒకే కార్డుకు రెండు ఫైళ్లు, రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఏది ఏదో పేరే చెప్పాలి. క్లౌడ్ ఫైలును భద్రంగా ఉంచుతుందే గానీ దానికి పేరు పెట్టదు. పేరు లేని వంద ఫైళ్లు డి డ్రైవులో ఉన్నా, ఎక్కడో దూరదేశపు సర్వరులో ఉన్నా ఆ చిక్కు మారదు. అయితే భద్రత విషయంలో క్లౌడువారి మాట వినాలి. మూసీ 1908 సెప్టెంబరులో ఊరిని ముంచింది, 2020 అక్టోబరు వానకు పాతబస్తీ కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. నేలమీద పెట్టిన సీపీయూలో మాత్రమే ఉన్న దస్త్రం నీటి దయకు వదిలేసినట్టే. ఎంత చక్కగా పేర్లు పెట్టినా రెండో ప్రతి వేరే చోట లేకపోతే ఏ మీటా దాన్ని వెనక్కి తేలేదు. షార్ట్‌కట్ల హద్దు అక్కడితో సరి.

కాబట్టి పేరు ఎలా ఉండాలన్నదే చివరికి తేల్చుకోవాల్సింది. విండోస్ ఫైలు పేరులో ఏటవాలు గీత, కోలన్, ప్రశ్నార్థకం వంటి తొమ్మిది గుర్తులను ఒప్పుకోదు, అందుకే తేదీని మనం కాగితం మీద రాసినట్టు గీతలు పెట్టి రాయలేం. రోజు, నెల, సంవత్సరం వరసలో చుక్కలతో రాస్తే అన్ని నెలల ఒకటో తారీఖులూ ఒకచోట చేరి వరస చెడుతుంది. సంవత్సరం ముందు, తరవాత నెల, ఆ తరవాత రోజు, నెలా రోజూ రెండేసి అంకెల్లో రాస్తే పేర్ల వరసే కాలక్రమం అవుతుంది. తేదీ, బిల్లు నంబరు, ఇంటిపేరు, పని, ప్రూఫ్ సంఖ్య అనే వరస చాలు. ఫైనల్ అన్న మాటను పేరులోంచి తీసేయాలి. పెళ్లివారింట్లో చివరి సవరణ అనేది ఉండదు, పీ1, పీ2, పీ3 అని అంకె పెరుగుతూ పోవాలి. మార్చగలిగే ఫైలుకు, కర్వ్స్ చేసిన ఫైలుకు, పీడీఎఫ్‌కు ఒకే నంబరు, చివర మాత్రం తేడా. ఇదంతా పెద్ద శాస్త్రమేమీ కాదు, బస్తా మీద గుమస్తా కట్టిన చీటీలోనూ ఇవే ఉండేవి: ఎప్పటిది, ఎవరిది, ఏ పని.

ఈ పద్ధతికి పరీక్ష ఫైలు చేసిన రోజున రాదు. రెండేళ్ల తరవాత అదే ఇంటివాళ్లు చెల్లెలి పెళ్లికని పాత కార్డు, దాంతో నలిగిన బిల్లు పట్టుకొస్తారు. ఫైలు కట్టిన ఆపరేటరు వేరే దుకాణానికి మారి ఉంటాడు. కొత్త కుర్రవాడికి ఆ కుటుంబమూ తెలియదు, ఆ ఫోల్డరూ తెలియదు. బిల్లు మీద నంబరు చూసి ఆ నాలుగంకెలు కొట్టగానే మూడు ఫైళ్లు ఒకదాని కింద ఒకటి వస్తే, పాత ఆపరేటరు రోజూ మీటల మీద పెట్టిన పావు సెకన్లకు లెక్క అప్పుడు తేలుతుంది. ఆ కుర్రవాడు మార్చగలిగే ఫైలును ఎంచుకుని, తెరవడానికి ముందు కంట్రోల్ సి, కంట్రోల్ వి, ఎఫ్2 నొక్కి కొత్త బిల్లు నంబరు రాస్తాడా లేదా అన్నది మాత్రం అతనికి మొదటి వారంలో ఎవరు ఏం నేర్పారన్నదాన్ని బట్టి ఉంటుంది.